పులి వెనక తలుపు

పెద్దపులిని చూద్దామని టికెట్ కొని లోపలికి వచ్చినవాళ్లలో చాలామంది, తీరా దాని ముందుకు చేరాక దానికి వీపు తిప్పి నిలబడతారు. సెల్ఫీకి అదే పద్ధతి కదా. చెయ్యి చాచి, ఫోన్ పైకెత్తి, భుజం పక్కన ఎక్కడో వేలెడంత పులి పడేలా సర్దుకుని, పడిందని నమ్మకం కుదిరాక ఏనుగుల వైపు కదులుతారు. హైదరాబాద్ జూలో సెలవురోజు ఈ తంతు చూస్తూ కూచుంటే పొద్దే తెలీదు. పులి చేసే పని కూడా అదే. జనానికి వీపు తిప్పి పడుకుంటుంది.

వాళ్లని వెక్కిరించే హక్కు నాకేం లేదు. భుజాన బరువైన సంచీ, మెడలో కెమెరా, జేబులో దానికి విడిగా కొన్న టికెట్టు. వేషంలోనే తేడా. వాళ్లకూ నాకూ కావలసింది పులి బొమ్మే. కాకపోతే వాళ్ల బొమ్మలో వాళ్లుంటారు, నా బొమ్మలో నేనుండను. పైగా జూ కూడా ఉండకూడదని చాలాకాలం పట్టుబట్టాను. ఉండకుండా చేయడం ఎట్లాగో నేర్చుకున్నాను కూడా. ఇప్పుడు ఆ విద్య మీదే కాస్త అనుమానం.

మీర్ ఆలం చెరువును ఆనుకుని సుమారు 380 ఎకరాల్లో ఉన్న ఈ జూ 1963లో జనానికి తెరుచుకుంది. అంతకుముందు నగరంలో జంతువుల్ని చూడాలంటే పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్లేవారు. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని బాగే ఆం అనే అంటారు. అక్కడి జంతువుల్నే ఇక్కడికి తెచ్చారు. బండరాళ్లు, నీడనిచ్చే పెద్ద చెట్లు, ఎండాకాలంలో ఎగిరే ఎర్రమట్టి, అన్నీ దక్కన్ సరుకే. ఫొటోలు తీసేవాడికి ఇక్కడ ఇంకో వెసులుబాటు ఉంది. పులులకూ సింహాలకూ ముందు ఊచలు ఉండవు, కందకం ఉంటుంది.

ఈ కందకం వెనక ఒక జర్మన్ వ్యాపారి ఉన్నాడు. పేరు కార్ల్ హాగెన్‌బెక్, జంతువుల్ని కొని అమ్మడం ఆయన వృత్తి. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో కొలిచి, అంతకు మించిన వెడల్పున గుంత తవ్వితే ఊచలు అక్కర్లేదని లెక్క కట్టాడు. 1907లో హాంబర్గ్ పక్కన స్టెల్లింగెన్‌లో ఆ పద్ధతిన జూ తెరిచాడు. గట్టు మీద నిలబడినవాళ్లకు గుంత కనబడదు. సింహం స్వేచ్ఛగా రాతిగుట్ట మీద కూచున్నట్టే ఉంటుంది. అదే మనిషి దూరదేశాల మనుషుల్ని కూడా కుటుంబాలతో సహా తెచ్చి ప్రదర్శనకు పెట్టాడనేది వేరే సంగతి. అంత వేరే సంగతి కూడా కాదేమో. చూసేవాడికి ఏది కనబడాలి, ఏది కనబడకూడదన్నది ఆయనకు బాగా తెలుసు. నాలాంటి కెమెరావాలాల పనిలో సగం ఆయన వందేళ్ల కిందటే చేసిపెట్టాడు.

కందకంతో చిరుత ఆగదు. చెట్టెక్కే జంతువు, గోడ మీద పంజా ఆనడానికి అంగుళం దొరికితే చాలు. అందుకే చిరుతలకూ జాగ్వార్లకూ నాలుగు పక్కలా, నెత్తిన కూడా జాలీ కడతారు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు దుఃఖపడేది ఇక్కడే. ఇంటికెళ్లి చూసుకుంటే జాలీ గళ్లు సూదిమొన అంత స్పష్టంగా వస్తాయి, వెనక చిరుత మబ్బులా ఉంటుంది. కెమెరా తప్పేం లేదు, దగ్గరున్నదాన్ని పట్టుకోమని నేర్పితే పట్టుకుంది. దీనికి మందు ఉంది. పొడుగు లెన్స్ పెట్టాలి, అపర్చర్ పూర్తిగా తెరవాలి, ఫోకస్ ఒకే బిందువు మీద పెట్టి గడి మధ్యలోంచి చిరుత కంటి మీద ఆనించాలి. జాలీకి మనం ఎంత దగ్గరగా, చిరుత ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, జాలీలో నీడ ఉన్న ముక్క వెతుక్కోవాలి. ఎండ పడిన తీగ తెల్లటి పొగలా బొమ్మంతా కమ్ముతుంది. నీడలో ఉన్న తీగ లెన్స్‌లో కరిగిపోతుంది, ఆనవాలు కూడా మిగలదు. మొదటిసారి అట్లా కరిగినప్పుడు కలిగే గర్వం ఇంతా అంతా కాదు. ఇప్పుడైతే అదీ అక్కర్లేదు, ఫోన్‌లోనే వేలితో రుద్దితే జాలీ పోతుంది, పోయినచోట చిరుత చర్మాన్ని ఫోనే ఊహించి నింపుతుంది. ఆ నింపిన మచ్చలు ఏ చిరుతవో ఎవరూ అడగరు.

జాలీకి దగ్గరగా అన్నానని ముందున్న రెయిలింగ్ దాటమని కాదు. ఈ మాట నొక్కి చెప్పాల్సిన రోజులొచ్చాయి. 2014లో ఢిల్లీ జూలో ఒక యువకుడు తెల్లపులి కందకంలో పడి చనిపోయాడు. 2021 నవంబర్‌లో ఇదే హైదరాబాద్ జూలో ఒకతను సింహాల ఎన్‌క్లోజర్ పైన బండరాయెక్కి కూచున్నాడు. కింద సింహం తలెత్తి చూస్తుండగా సిబ్బంది అతన్ని లాగి బతికించారు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఉన్నచోట దూకిన మనిషికి ఆ అదృష్టం లేకపోయింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ సింహాన్ని ఏం చేస్తారని జనం అడుగుతారు. పాపం, దాన్నేం చేయాలి? అదెక్కడికీ వెళ్లలేదు కదా.

తెల్లపులి దగ్గర గుంపు ఎప్పుడూ తగ్గదు. ఫొటో తీసేవాడికి మాత్రం అది పరీక్ష. కెమెరా మీటరు లోకం మొత్తం సగటున ఒక మోస్తరు బూడిదరంగులో ఉంటుందనే లెక్కతో పనిచేస్తుంది. ఎదురుగా అంత తెలుపు కనబడేసరికి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఫలితం, వారం రోజులు ఉతకని దుప్పటి రంగు పులి. ఒక స్టాపు ఎక్స్‌పోజర్ పెంచితే తెలుపు తెలుపుగా వస్తుంది. నల్లచిరుత దగ్గర లెక్క తలకిందులు. అంత నలుపు చూసి కెమెరా వెలుతురు పెంచుతుంది, నల్లచిరుత ఉడికించిన వంకాయ రంగుకి తిరుగుతుంది. అక్కడ తగ్గించాలి. తగ్గించి, పొద్దుటి ఏటవాలు ఎండ పక్కనుంచి పడేదాకా ఆగితే, ఆ నలుపు లోపలినుంచి మచ్చలు పైకి తేలతాయి. నల్లచిరుత వేరే జాతేం కాదు, మామూలు చిరుతకే వర్ణకం ఎక్కువైతే ఆ రంగు వస్తుంది. మచ్చలు ఎక్కడికీ పోలేదు, నలుపు మీద నలుపుగా ఉన్నాయి. ఎండ ఒక పక్కకి ఒరిగిన ఆ కాసేపట్లో డొక్క మీద పూలరేకుల్లాంటి గుంపులు కనబడి, అది ఊపిరి తీసినప్పుడల్లా కదిలి, ఇటు తిరగగానే మాయమవుతాయి. నాకైతే తెల్లపులి మొత్తం ఈ ఒక్క డొక్క ముందు దిగదుడుపే.

తెల్లపులి అనగానే ఏదో హిమాలయాల జంతువని జనం నమ్మకం. గట్టు మీద నాన్నలు పిల్లలకు మంచుకొండల కథ చెబుతుంటే చాలాసార్లు విన్నాను. నిజానికి అది కూడా మామూలు బెంగాల్ పులే, ఒక జన్యువులో వచ్చిన చిన్న మార్పుతో పసుపు పోయి తెలుపు మిగిలింది. 1951లో రేవా రాజు ఒక తెల్ల పులికూనను పట్టించి మోహన్ అని పేరు పెట్టి పెంచాడు. మామూలు పులితో జతకడితే పిల్లలన్నీ పసుపుగానే పుట్టాయి. చివరికి దాని కూతురితోనే జతకట్టిస్తే 1958లో తెల్లకూనలు పుట్టాయి. ఈనాడు జూలలో చూస్తున్న తెల్లపులుల్లో ఎక్కువ భాగం ఆ ఇంటివే. కంటి మీద ఫోకస్ పెట్టి ఫొటో పెద్దది చేసి చూసినప్పుడు కొన్ని తెల్లపులుల కళ్లు ముక్కువైపు లాగినట్టు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. రంగు పోయినచోటే కంటినుంచి మెదడుకు వెళ్లే నరాల దారి కూడా తప్పుతుంది. ఆ నీలికళ్లని మెచ్చుకుంటూ కింద కామెంట్లు పెట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పబుద్ధి కాదు.

సింహాల సంగతి నిద్రతోనే మొదలవుతుంది, నిద్రతోనే అయిపోతుంది. రోజులో ఇరవై గంటలదాకా పడుకునే జంతువు అది. మధ్యాహ్నం పూట నాలుగు కాళ్లూ చాపి పడుకున్న సింహం ముందు జనం ఈలలు వేస్తారు, చప్పట్లు కొడతారు, "ఓయ్" అంటారు. దానికి చెవి కూడా కదలదు. చెవులు బాగా కనబడతాయి కూడా. గిర్ సింహానికి జూలు పలచన, ఆఫ్రికా సింహంలా చెవుల్ని కప్పేయదు. పొట్ట కింద పొడుగునా వేలాడే చర్మపు మడత కూడా దాని గుర్తు. ఇంట్లో మనం దాచుకున్న సింహం బొమ్మలన్నీ సినిమాల్లోంచో టీవీల్లోంచో వచ్చిన ఆఫ్రికావి కాబట్టి, సొంత దేశపు సింహాన్ని చూసి "ఇదేంటి ఇంత బక్కగా ఉంది, తిండి పెడుతున్నారా లేదా" అని సానుభూతి చూపిస్తారు. అడవిలో ఈ జాతి మిగిలింది గుజరాత్‌లోనే. 2025 లెక్కల్లో 891 తేలాయి. 2021 మే నెలలో ఈ జూలోని ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకింది. దేశంలో జంతువులకు అది సోకినట్టు బయటపడటం అదే మొదటిసారి. పరీక్షలు చేసింది మన ఊళ్లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ. అన్నీ కోలుకున్నాయి.

అట్లా ఒక మధ్యాహ్నం నిద్రపోతున్న పులి ఎదుట నేను లెన్స్ మోస్తూ నిలబడితే, చీపురు పట్టుకుని అటుగా వచ్చిన జూ మనిషి ఆగి చూశాడు. చాలా ఏళ్లుగా వాటి పనే చేస్తున్నాడట.

"ఇప్పుడు లేవది సార్," అన్నాడు. "మీరెంత పిల్చినా లేవది. పొద్దుమీకి నైట్ హౌస్ గేటు గొలుసు సప్పుడైతే సాలు, ఏ మూలకున్నా ఉరికొస్తది."

"ఎందుకట్లా?"

"తిండి ఆడనే కదా సార్."

వెళ్లిపోతూ ఇంకో మాట కూడా అన్నాడు. "తల్లి మాటినదు. బిడ్డ ఇంటది." పులుల సంగతే చెప్పాడు. తల్లి గేటు దగ్గరికొచ్చి, లోపలికి పోనా వద్దా అని ఆయన్ని కాసేపు ఆడిస్తుందట.

ఆయన చెప్పిందే నిజం. పెద్దపిల్లులకు పగలు బయట, రాత్రి లోపల. మాంసం పెట్టేది లోపలి గదిలో. కాబట్టి మూసేవేళ దగ్గర పడేకొద్దీ అవి లేస్తాయి. ఆవులిస్తాయి. పులి ఆవలింత చూసినవాళ్లు దాన్ని గర్జన అనుకుని గబగబా ఫొటోలు తీస్తారు. బయట "గర్జిస్తున్న బెబ్బులి" అని తిరిగే బొమ్మల్లో నిద్రమత్తు వదలని ఆవలింతలే ఎక్కువ. నిజంగా కోపంగా ఉన్న పులి చెవులు వెనక్కి మెలితిప్పుతుంది, చెవి వెనకున్న తెల్లటి చుక్క ముందుకు కనబడుతుంది. ఆవలించే పులి కళ్లు మూసుకుంటుంది, నాలుక బయటికి చుట్టుకుంటుంది. ఆ నాలుక మీది ముళ్లు మంచి లెన్స్‌లో ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత వస్తాయి. అవన్నీ గొంతువైపు వంగి ఉంటాయి, ఎముక మీది మాంసం గీకడానికి.

ఆ తర్వాత నడక మొదలవుతుంది. కందకం గట్టు వెంట ఈ చివరినుంచి ఆ చివరిదాకా, అక్కడ తల ఒక్కలాగే విసిరి మళ్లీ వెనక్కి. ఫొటోలకు ఇంతకన్నా అనువైన ఘడియ ఉండదు. షట్టర్ ఐదువందలో వంతు సెకనుకి పెట్టి, అది మలుపు తిరిగేచోట ముందే ఫోకస్ చేసి ఉంచితే చాలు. పులి తనంతట తనే వచ్చి ఫ్రేములో నిలబడుతుంది, అదే అడుగు అదే మట్టి మీద వేస్తుంది. గడ్డి అరిగి దారి పడి ఉంటుంది కాబట్టి వెతుక్కునే పని కూడా లేదు. ముందు కాలు ఎత్తి, భుజం ఎముక చర్మం కింద పైకి లేచి, చూపు నిటారుగా ఉన్న ఆ బొమ్మ చూస్తే వేటకు బయల్దేరిన పులి అనే అంటారు ఎవరైనా.

వేట ఏమీ లేదు. 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులిద్దరు నేచర్ పత్రికలో రాసిన వ్యాసం ఒకటుంది. అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే, బోనులో అంత ఎక్కువగా ఇట్లా అటూ ఇటూ నడుస్తుందని వాళ్లు లెక్కలతో తేల్చారు. గేటు తెరుచుకునే ముందు తిండి కోసం తచ్చాడటం కొంత, పనిలేనితనం కొంత. నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. జూలో నాకు వచ్చిన మంచి ఫొటోల్లో చాలావరకు ఆ జంతువుకి తోచని వేళలవి. అది ఎంత విసుగ్గా ఉంటే నాకు బొమ్మ అంత సులువుగా వచ్చింది. దాని పక్కనున్న గోడ, వెనకున్న తలుపు తీసేసేసరికి విసుగు కాస్తా పౌరుషంగా మారింది. అందులో అబద్ధం ఏ పాళ్లు అని తూకం వేయలేను గానీ, ఉందన్నది ఖాయం.

అడవిలో పులిని మొదట ఫొటో తీసినవాళ్లలో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అని ఒక అటవీ అధికారి ఉన్నాడు, అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్‌లో. తుపాకులవాళ్లే ఎక్కువగా ఉన్న ఆ కాలంలో ఆయన పులి నడిచే దారిలో సన్నటి తీగ కట్టేవాడు. రాత్రి పులి కాలు తగిలితే ఫ్లాష్ వెలిగి తన ఫొటో తనే తీసుకునేది. ఆ బొమ్మలతో 1927లో పుస్తకం వేశాడు. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవని, చారల్ని బట్టి ఏ పులో చెప్పొచ్చని ఆయనకు అప్పుడే తెలుసు. ఇవాళ దేశంలో పులుల్ని లెక్కపెట్టేది కూడా కెమెరా ఉచ్చులో పడిన చారల్ని పోల్చిచూసే. అంత కష్టానికి దొరికిన బొమ్మనూ, కందకం గట్టు మీద టీ తాగుతూ తీసిన బొమ్మనూ పేరు చెప్పకుండా పక్కపక్కన పెట్టడం న్యాయం కాదు. ఫొటో పోటీలు నడిపేవాళ్లు ఈ విషయంలో గట్టిగానే ఉంటారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2009కి మొదటి బహుమతి వచ్చిన బొమ్మలో రాత్రిపూట ఒక తోడేలు గేటు మీదుగా దూకుతుంటుంది. అది మచ్చికైన తోడేలై ఉండాలని నిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. బొమ్మ అందానికి అప్పుడూ వంక పెట్టలేదు.

జూని బొమ్మలోంచి దాచేసే పద్ధతికి పూర్తిగా ఎదురుదిక్కున గ్యారీ వినోగ్రాండ్ అనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్ జూ చుట్టూ తిరుగుతూ తీసిన బొమ్మలతో 1969లో ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. అందులో ఊచలున్నాయి, గోడలున్నాయి, కోటు వేసుకుని బోను ముందు నిలబడిన మనుషులున్నారు. ఒక్కోచోట ఎవరు ఎవర్ని చూడ్డానికి వచ్చారో అర్థం కాదు. ఆయన చేసినట్టు నేను చేయలేను. నాకు పులి మీద మమకారం ఎక్కువ, మనుషుల మీద ఓపిక తక్కువ. కానీ గోడ తీసేయకుండా ఉండటం నాకూ చేతనవును.

అందుకని ఈమధ్య పొడుగు లెన్స్ పెట్టుకునే కాస్త వెనక్కి జరుగుతున్నాను. ఏప్రిల్ ఎండలో ఒకసారి పులి తొట్టి దగ్గరికి వచ్చింది. నీళ్ల అంచున ఆగి, ఒక చుట్టు తిరిగి, తోక ముందు తడిచేలా వెనక్కి వెనక్కి దిగింది. మొహాన నీళ్లు పడటం పులులకు గిట్టదని, అందుకే చాలా పులులు అట్లా దిగుతాయని అంటారు. నడుందాకా మునిగాక గడ్డం సిమెంటు గట్టు మీద ఆనించి కళ్లు సగం మూసింది. సిమెంటు పగుల్లో గడ్డిపోచలు, పక్కన నీళ్ల పైపు, పైపుకి చుట్టిన గోనెపట్టా. అన్నీ పడ్డాయి. ఆ రోజు పులికి హాయిగా ఉంది, అది మాత్రం అబద్ధం కాదు. పైపు లేకపోతే ఆ నీళ్లు లేవు కదా.

ఇంకోటి సాయంత్రం తీసింది. నైట్ హౌస్ ముందు పులి నిలబడి ఉంది, దాని వెనక ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప తలుపు, పైకి లాగే గొలుసు, రంగు లేచిపోయినచోట తుప్పు. పులి మొహం మాకేసి లేదు, తలుపు కేసి ఉంది. ఒక చెవి మాత్రం ఇటు. ఇది కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే అచ్చంపేట నుంచి బావ వెంటనే ఫోన్ చేశాడు. వాళ్ల ఊరు నల్లమల అంచున ఉంటుంది, అమ్రాబాద్ పులుల అడవి అక్కణ్నుంచే మొదలు. కొత్త ఇంటి హాల్లో పెట్టుకోవడానికి ఆయనకు పులి ఫొటో కావాలి.

"మస్తుంది బామ్మర్దీ. గా వెనక తలుపొక్కటి కత్తిరిచ్చి పంపు. మా అడవిలనే తీసిండని చెప్పుకుంట."

"తలుపు తీస్తే అది వేరే ఫొటో అయితది బావా."

"తలుపు ఎవలకు గావాలె?"

తలుపుతోనే పెద్దది చేయించి పంపాను. ఆయన కాసేపు సణిగాడు గానీ, అక్క ఫ్రేము కట్టించి సోఫా పైన తగిలించింది. మొన్న వెళితే చుట్టాలు ఎవరో దాని ముందు నిలబడి ఆ గొలుసు దేనికని అడుగుతున్నారు. బావ లేచి వెళ్లి, నైట్ హౌస్ అంటే ఏంటో, మాంసం ఏ వేళకు వేస్తారో, తల్లి పులి లోపలికి పోకుండా ఎట్లా సతాయిస్తుందో, అక్కడ ఆయనే పనిచేసినట్టు వివరంగా చెబుతున్నాడు. కిలోల లెక్క మాత్రం ఎక్కువ చెప్పాడు.